పిడి బద్దలు

జనవరి రెండో వారం. లోఫోటెన్‌లో
సూర్యుడింకా కొండ ఇవతలికి రాలేదు.
పగలు పదకొండింటికీ దీపం కిందే పని.
ఐలర్ట్ తలుపు తోసుకొచ్చి
గోనెగుడ్డలో చుట్టిన కత్తిని బల్ల మీద పెట్టాడు.

అలుగుకేం, బాగానే ఉంది.
ముప్ఫై ఏళ్లు కాడ్ చేపల పొట్టలు చీల్చీ చీల్చీ
వెడల్పు సగమైంది, అంతే.
పిడి మాత్రం ఊడిపోయింది.
లోపల దాగాల్సిన ఉక్కు
మూడు బెజ్జాలతో బయటపడి సిగ్గుపడుతోంది.

"కొత్తది కొనుక్కోవచ్చుగా" అన్నాను.
"కొత్త చెయ్యి ఎక్కడమ్ముతారు?" అన్నాడు.

కుడిచేతికి చిటికెనవేలు లేదు. ఉంగరపు వేలు సగమే.
తొంభై ఎనిమిదిలో వించ్ తాడు పట్టుకుపోయింది.
దుకాణాల్లో దొరికే పిడులన్నీ
అయిదు వేళ్లున్న వాళ్ల కోసం.

బంకమట్టి ముద్ద చేతిలో పెట్టి
మొప్పల కింద మొదటి కోత కోసేటప్పుడు
ఎలా పడతావో అలా పట్టమన్నాను.
పట్టాడు. ఎందుకో కళ్లు మూసుకున్నాడు.
వదిలాక మట్టిలో
బొటనవేలి గుంట, లోతుగా.
రెండు వేళ్ల కాలువలు. సగం కాలువ ఒకటి.
ఆ పైన ఎవరూ తాకని నున్నటి చోటు.
పిడికెడంటే ఎంతని ఎవరైనా అడిగితే
ఇకమీదట ఆ ముద్ద చూపిస్తాను.

చెక్క కూడా తనే తెచ్చాడు.
ఒడ్డున విప్పేసిన పడవ వెన్నుగడ, ఓక్.
అన్న పెడర్‌దీ తనదీ ఒకటే పడవట.
చేపల వాటా దగ్గర మాట తేడా వచ్చి
పంతొమ్మిదేళ్లు.
అంతకంటే చెప్పలేదు, నేనూ తవ్వలేదు.

ఇనుప మేకు దిగినచోట
ఓక్ నీలంగా, నల్లగా కమిలిపోయింది.
"ఇది కోసి పారేస్తా, కమిలినచోట బలముండదు" అన్నాను.
"ఉండనీ" అన్నాడు.
బేరం తెగలేదు. చివరికి
ఆ మచ్చ బొటనవేలి కిందికి వచ్చేలా కోశాను,
బరువు పడని వైపు.

రంపం నడుస్తుంటే తారు వాసన, పాత ఉప్పు వాసన.
ముక్కని నిలువునా చీల్చి పుస్తకంలా తెరిచాను.
అవే వలయాలు, అదే మచ్చ, ఎదురెదురుగా.
వాటి మధ్య ఇప్పుడు ఉక్కు పెట్టాలి.

అలుగు వైపు అంచు
అతికించక ముందే నునుపు చెయ్యాలి.
తర్వాత చేద్దామనుకుంటే ఆకురాయి ఉక్కుని గీరుతుంది.
జిగురు చలికి గట్టిపడదు, పొయ్యి పక్కన పెట్టాలి.
క్లాంపు మరీ బిగించకూడదు.
బిగిస్తే జిగురంతా పక్కలకి కారిపోయి
లోపల పట్టుకోడానికి ఏమీ మిగలదు.
ఇది నాకు ఎవరూ చెప్పలేదు.
మూడు పిడులు విడిపోయాక తెలిసింది.

మూడు ఇత్తడి శీలలు దించి
తెల్లారేదాకా వదిలేశాను
(తెల్లారడం అంటే ఇక్కడ గడియారం చెప్పేదే).

తర్వాత రెండ్రోజులు ఆకురాయి, గరుకు కాగితం,
పక్కన మట్టి ముద్ద.
అద్దంలా మెరిపించలేదు.
మెరిస్తే చేప జిగటకి జారుతుంది.
చేతికి కాస్త గరుకు తెలియాలి.
అవిసె నూనె పట్టిస్తే
కమిలిన మచ్చ ఇంకా నల్లబడింది.

వచ్చాడు. పట్టుకున్నాడు.
గాలిలో ఒక్క కోత కోశాడు, లేని చేపని.
బాగుందనలేదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి
గడప దాకా వెళ్లి ఆగాడు.

"ఆ చెక్క ఇంకా మిగిలిందా?"
"ఒక జత వస్తుంది."
"అయితే ఇంకోటి. అయిదు వేళ్లకి."
"ఎవరి చెయ్యి? కొలత కావాలి."

వెనక్కొచ్చి, మట్టి ముద్ద అడిగి,
ఎడమచేత్తో పట్టుకున్నాడు.
"వాడిది పుర్రచెయ్యి.
చిన్నప్పుడు మా ఇద్దరికీ
అమ్మ ఒకే కొలత మీద చేతితొడుగులు అల్లేది."

మొన్న మార్చిలో ఆ కత్తి పూర్తయింది.
ఐలర్ట్ రాలేదు. చేపల కాలం, తీరికుండదు.
అదింకా నా అల్మారాలోనే ఉంది.
నెలకోసారి నూనె రాస్తాను.
ఒకసారి నా కుడిచేత్తో పట్టి చూశాను.
అస్సలు కుదరలేదు.